కోదండం మావ ఎంచుకున్న శ్రుతి పెట్టె

నేను దేవుడికి భయపడే రకం కాదు గానీ మా భజన సమాజానికి మాత్రం భయపడతాను. దేవుడైతే ఎప్పుడో ఒకప్పుడు క్షమిస్తాడు. మా ప్రెసిడెంటు నరసింహం క్షమించడు, పైగా మైకులో చెబుతాడు. ఈ బెంగాలీ మహానగరంలో, గార్డెన్ రీచ్‌లో మా సందులో ఉన్న నలభై తెలుగు ఇళ్లలో ఎవరింట్లో ఏం జరిగినా దానికి కారణం భజన మందిరంలోనే వెతుకుతాం. పెళ్లి కుదిరితే హారతి బాగా వెలిగిందంటాం. ఉద్యోగం పోతే ఫలానా రోజు దీపం కొండెక్కిందంటాం. అలాంటి సందులో పదేళ్లుగా భజన నడిపిస్తున్నవాడు మా కోదండం మావ.

ఆయన తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. ఆయన మాత్రం ఇక్కడికి దగ్గర్లోని బడ్జ్ బడ్జ్‌లో జనపనార మిల్లు కూలీల ఇళ్ల లైన్లో పుట్టి, పద్దెనిమిదో ఏట ఆ మిల్లులోనే మగ్గాల షెడ్డులో చేరాడు. ముప్ఫై ఆరేళ్లు రెండు మగ్గాల మధ్య నిలబడ్డాడు. వందల మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. అందుకని అక్కడి పనివాళ్లు పెదవులు చూసి మాట అందుకుంటారు, మిగతాది చేతులతో చెప్పుకుంటారు. చూపుడు వేలు మగ్గంలో నూలు మోసే నాడెలాగ అటూ ఇటూ ఆడిస్తే మగ్గం నడుస్తోందని. పిడికిలి గుండెకి ఆనిస్తే ఆగిపోయిందని. సింహాచలమ్మత్త అదే మిల్లులో గోనె సంచులు కుట్టేది. పెళ్లికి ముందు ఏడాది పాటు వాళ్లిద్దరూ ఒక్క మాటా పైకి అనకుండా కబుర్లు చెప్పుకున్నారట. పెళ్లయ్యాక ఆ లోటంతా అత్త తీర్చేసుకుందని మావ అనేవాడు.

రిటైరయ్యాక మొగుడూ పెళ్లాం ఇద్దరూ మా సందుకి వచ్చి, అత్త తమ్ముడి ఇంటి మీద గదిలో దిగారు. మావ గొంతు విన్న మొదటి శనివారమే నరసింహం ఆయన్ని తెచ్చి ముందు కూర్చోబెట్టాడు. పాత బిందెలో నీళ్లు పోస్తున్నట్టు నిండుగా, కొంచెం మట్టి వాసనతో ఉండేది ఆ గొంతు. నేను కార్పొరేషన్ పంపింగ్ స్టేషన్‌లో పంపులు నడిపేవాణ్ణి. నాకు సంగీతమంటే తాళాలు కొట్టడం వరకే. అయినా ఆయన నామం ఎత్తుకుంటే నా చెయ్యి దానంతటదే సర్దుకునేది.

ఏటా మాఘమాసంలో మాకు ఏకాహం ఉంటుంది. ఒక సూర్యోదయం నుంచి మరుసటి సూర్యోదయం దాకా రామనామం ఆగకూడదు. పాడేవాళ్లు వంతుల వారీగా మారవచ్చు గానీ, నామమూ దాని కింద పలికే శ్రుతీ తెగకూడదు. మా హార్మోనియం వాయించే ఆయన కాలం చేశాక, కరెంటుతో పలికే ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె ఒకటి కొన్నాం. ప్లగ్గు పెడితే చాలు, తుమ్మెదలాగ పలుకుతూనే ఉంటుంది.

నిరుడు ఏకాహంలో మధ్యాహ్నం వంతు మావది. డోలక్ మీద సుందర్, వంత పాడటానికి సుందర్ తల్లి నరసమ్మ, ఇంకా ఇద్దరు ఆడవాళ్లు. మిగతావాళ్లం అన్నాలకు పోయాం. నేను తిరిగొచ్చేసరికి మావ గొంతంతా విప్పి పాడుతున్నాడు, కానీ నామం పొద్దుట మొదలెట్టిన చోట లేదు, ఎక్కడికో జారిపోయింది. చూస్తే శ్రుతి పెట్టె లైటు ఆరిపోయి ఉంది. ఎంతసేపైందో ఎవరికీ తెలియదు. నరసమ్మ తల దించుకుని, పెట్టె పాడైపోయిందంది. మేం సరే అనుకున్నాం. నామం ఆగలేదు గానీ శ్రుతి తెగింది, ఇది దోషమేనని నరసింహం మైకులో ప్రకటించాడు.

మూడు వారాలకు సుందర్ మోటారు సైకిలు కంటైనర్ లారీ కింద పడింది. వాడికి ఇరవై ఆరేళ్లు.

ఆ తర్వాత మా సందులో శ్రుతి పెట్టె పేరెత్తినవాడు లేడు. పెట్టెను ఎవరో తీసుకెళ్లి గంగలో వదిలేశారు. ఈ ఏడు ఏకాహాన్ని సుందర్ సంవత్సరీకం అయ్యేదాకా ఆపి, ఫాల్గుణంలో పెట్టుకున్నాం. అప్పుడు నరసమ్మ మందిరానికి వచ్చి, తన కొడుకు పేరు మీద కొత్త శ్రుతి కొనిస్తానంది. కరెంటు అక్కర్లేనిది కావాలంది. దాన్ని కోదండం అన్నయ్యే ఎంచాలని పట్టుబట్టింది.

"ఆయన సెవిని మించిన సెవి మన్లో ఎవులికుంది?" అంది.

నేను మావకేసి చూశాను. ఆయన ముఖం పాలిపోయింది. సుందర్ గుర్తొచ్చాడు కాబోలనుకున్నాను. నాకు అప్పటికి తెలియనిదీ, ఆయనకు తెలిసినదీ ఒకటుంది. మావకు చెవులు పోయి ఆరేళ్లయింది. వినపడకపోవడం ఒక్కటే కాదు, రెండు చెవుల్లోనూ పగలూ రాత్రీ ఒకటే హోరు, శ్రుతి పెట్టె పలికినట్టే. అది ఆగదు. కాబట్టి బయట శ్రుతి ఎప్పుడు ఆగిందో ఆయనకు తెలిసే దారి లేదు. పాటను గొంతు అలవాటు మీద, మాటను పెదవులు చూసే మిల్లు విద్యతో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాడు. కరోనా రోజుల్లో అందరూ మూతికి గుడ్డలు కట్టుకుంటే ఆయన గదిలోంచి బయటికి రాలేదు. ముసలాడికి ప్రాణం మీద తీపి అని మేం నవ్వుకున్నాం. ఎంత పాపపు నవ్వో ఇప్పుడు తెలుస్తోంది. నిరుడు ఏకాహంలో పెట్టె ఆగిపోయినా ఆయన వినలేదు. వినలేదు గనుక శ్రుతి తెగింది, శ్రుతి తెగింది గనుక కుర్రాడు పోయాడు. ఏడాదిగా ఆయన మింగుతున్న ముద్ద ఇది.

ఒక బుధవారం పొద్దున్నే మేం ముగ్గురం బస్సెక్కి లాల్‌బజార్ వెళ్లాం. అత్త కూడా వస్తానంటే నేను విసుక్కున్నాను. వాద్యాల కొట్లో ఆవిడకేం పని అన్నాను. మావ మాత్రం ఆవిడ కొంగు పట్టుకున్నంత పని చేశాడు. కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా అరచేతులు పంచెకు తుడుచుకుంటూనే ఉన్నాడు. చలికాలం చివరి రోజులు. చెమట పట్టే వేళ కాదు.

మేం వెళ్లిన కొట్టు నిమాయ్‌దాది. డెబ్బై ఏళ్ల బెంగాలీ పెద్దమనిషి, మర్యాదస్తుడు. కానీ ఆయనకు పెదవులు కనపడనంత తెల్లటి మీసం ఉంది. దాన్ని చూడగానే మావ గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను వెనకనుంచి నెట్టాను.

నిమాయ్‌దా ఓపిగ్గా అన్నీ చూపించాడు. తంబూరా మీటితే ఆ కొట్టంతా తేనె పూసినట్టయింది, కానీ ఇరవై నాలుగు గంటలు మీటే వేళ్లు మాకెక్కడివి. బ్యాటరీతో పలికే పెట్టెలు చూపించాడు. నేను వద్దన్నాను. తర్వాత కంచు గిన్నెలు తీశాడు. ఈ మధ్య యోగా నేర్పేవాళ్లూ, ధ్యానం చేసేవాళ్లూ, సౌండ్ హీలింగ్ అనేవాళ్లూ వీటినే పట్టుకుపోతున్నారట. రోగాలు కూడా పోతాయట. గిన్నె ఎంచడానికి ఒక పద్ధతుందన్నాడు. కళ్లు మూసుకోవాలి, ఆయన ఒక్క దెబ్బ కొడతాడు, మోత పూర్తిగా చచ్చిపోయిందనిపించినప్పుడు చెయ్యెత్తాలి. ఎవరి చెవి ఎంత సన్ననిదో దీంతో తెలిసిపోతుందట.

ఆయన మీసం కింద మాట మావకు అందలేదు. నేను తెలుగులో మళ్లీ చెప్పాను. చెబుతుంటే మావ నా నోటినే చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ మరపుకు రాదు. ఉరిశిక్ష చదువుతున్న జడ్జికేసి అలా చూస్తారేమో.

నిమాయ్‌దా గిన్నె మీద కొట్టాడు. మోత లేచి, పరుచుకుని, సన్నబడి, పోయింది. నేను చెయ్యెత్తాను. మావ ఎత్తలేదు. వీధిలో రిక్షా గంట వినపడింది, ఎదురు కొట్లో ఎవరో తబలా సరిచేస్తున్నారు. మావ ఇంకా ఎత్తలేదు. నిమాయ్‌దా తల పంకించి, ఏమి చెవి, ఏమి చెవి అన్నాడు. అప్పుడు నాకు మావ కళ్లు కనపడ్డాయి. అవి మూసి లేవు. సన్నగా తెరిచి, నిమాయ్‌దా వెనక నిలబడ్డ అత్తను చూస్తున్నాయి. అత్త పిడికిలి గుండెకి ఆనించి ఉంది. ఎప్పటినుంచి ఆనించి ఉందో, ఆ మూల చీకట్లో ఆయనకు ఆలస్యంగా కనపడింది. మావ గబుక్కున చెయ్యెత్తాడు.

సంగతేమిటో నాకు అప్పుడే తట్టింది. అయినా నమ్మలేదు. మనిషి నమ్మకూడదనుకుంటే ఏదైనా నమ్మకుండా ఉండగలడు.

చివరికి నిమాయ్‌దా చేత్తో గాలి కొట్టే శ్రుతి పెట్టె తీశాడు. చిన్న చెక్కపెట్టె, ముందు తోలు తిత్తి, పైన బిళ్లలు. ఏ బిళ్ల తెరిస్తే ఆ స్వరం పలుకుతుంది. తిత్తిని చూడగానే మావ ముఖంలోకి రక్తం వచ్చింది. అది ఊపిరి పీల్చి వదులుతున్నట్టు కదులుతోంది. అది కదిలితే పలుకుతున్నట్టు, నిలిస్తే ఆగినట్టు. చెవితో పనిలేదు, కన్ను చాలు. ఆయన దానికేసి ఆకలితో ఉన్నవాడు అన్నం కేసి చూసినట్టు చూశాడు.

నిమాయ్‌దా ఒక్కో శ్రుతీ వినిపించాడు. తర్వాత, ఇంకో స్వరం తెరవడానికి ముందు, బిళ్లలన్నీ మూసేసి, అలవాటు కొద్దీ చెయ్యి ఆపకుండా తిత్తి కొడుతూ, నాతో ఏదో చెబుతున్నాడు. పెట్టెలోంచి చప్పుడు లేదు. తిత్తి మాత్రం కదులుతోంది. అత్త అప్పుడు గుమ్మం వైపు తిరిగి ముక్కు చీదుకుంటోంది.

"ఇదే," అన్నాడు మావ. కళ్లలో నీళ్లు. "ఎంత నిండుగా పలుకుతాందిరా. ఇదే తీసుకుందారి."

నిమాయ్‌దా చెయ్యి ఆగింది. ఆయన మావకేసి చూసి, నాకేసి చూసి, మూసిన బిళ్లలకేసి చూశాడు. పెట్టెను గుడ్డలో చుట్టి, రెండు చేతులతో మావ చేతుల్లో పెట్టాడు. పెద్దమనిషి అని అందుకే అన్నాను.

తిరుగు బస్సులో మావ పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఖిద్దిర్‌పూర్ దాటాక నాకేసి తిరిగాడు.

"నీకు తెలిసిపోనాది," అన్నాడు.

నేను తలూపాను. ఆరేళ్ల హోరు సంగతి, నిరుటి సంగతి, అన్నీ అప్పుడే చెప్పాడు. చెబుతుంటే ఆయన గొంతు పెరుగుతోంది, బస్సులో జనం తిరిగి చూస్తున్నారు, ఆయనకు తెలియడం లేదు. అత్త మోచేత్తో పొడుస్తోంది. నేను పెదవులు విడదీసి, ఎవరికీ చెప్పనని చెప్పాను. నిజంగానే చెప్పకూడదనుకున్నాను. నరసింహానికి తెలిస్తే మైకులో చెబుతాడు. నరసమ్మకు తెలిస్తే ఏం చేస్తుందో ఊహించడానికే నాకు ధైర్యం చాలలేదు. ఏడాదిగా ఆ తల్లి ఒక పెట్టెను తిట్టుకుంటోంది. పెట్టె కాదు, మనిషి అని తెలిస్తే?

మావ తిత్తి మీద చెయ్యి వేశాడు. "ఇది సుందర్ పేరు మీద కొన్నాది. నా నోరు మూసుకుని దీని ముందు ఎల్లా కూకుంటాన్రా," అన్నాడు. మా స్టాపు రాగానే ఇంటికి కాకుండా నరసమ్మ గది వైపు నడిచాడు. నేను చెయ్యి పట్టుకుని లాగాను. అరవై ఐదేళ్ల మనిషి నన్ను విదిలించుకున్నాడు. అత్త కళ్లు తుడుచుకుంటూ వెనకే నడిచింది.

నరసమ్మ నేల మీద కూర్చుని ఏకాహానికి వత్తులు చేస్తోంది. గోడకు సుందర్ ఫోటో, పక్కనే వాడి ఫోను మేకుకు వేలాడుతోంది. మావ పెట్టెను ఆమె ముందు పెట్టి, నిలబడే చెప్పేశాడు. మూడు ముక్కల్లో చెప్పాడు. తనకు చెవుడనీ, ఆ రోజు పెట్టె ఆగిపోయినా తనకు వినపడలేదనీ, ఆమె కొడుకును తినేసింది తన చెవేననీ. చెప్పి కళ్లు మూసుకున్నాడు. కళ్లు మూసుకుంటే ఆయనకు లోకమే లేదు కదా. తిట్టినా వినపడదు. అంత భయపడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నరసమ్మ చేతులు ఆగాయి. వత్తి చేతిలోనే ఉంది. తర్వాత తల దించుకుని ఏదో గొణిగింది. నాకే సరిగా వినపడలేదు. అత్త మావ భుజం తట్టింది. ఆయన కళ్లు తెరిచాడు, వంగాడు, ఆమె దించుకున్న ముఖం కోసం వెతికాడు.

"మొకం ఎత్తమ్మా," అన్నాడు. "నాకు కనపడాల."

నరసమ్మ ఏడాదిలో మొదటిసారి ముఖమెత్తి ఒక మనిషిని చూసింది. ఆ గోడకు అవతల నరసింహం ఇల్లు. ఆమె గోడకేసి ఒకసారి చూసి, పెదవులు కదిపింది. గొంతు లేదు. ఒట్టి పెదవులు. ఇద్దరు మిల్లు మనుషుల్లాగ వాళ్లు మాట్లాడుకున్నారు. నాకు ఏమీ అర్థం కాక అత్తకేసి చూశాను. అత్త నా చెవిలో ఒక్కొక్క మాటా అందించింది.

ఆ రోజు పెట్టె పాడవలేదట. సుందర్ ఫోనులో చార్జింగ్ అయిపోయింది. డోలక్ వాయిస్తూనే ఎడం చేత్తో పెట్టె ప్లగ్గు పీకి, తన చార్జరు పెట్టాడు. తల్లి చూసింది. నలుగురిలో కొడుకును అనడానికి నోరు రాక ఊరుకుంది. ఫోను తీశాక మళ్లీ పెడతాడనుకుంది. మర్చిపోయాడు. తర్వాత నేనొచ్చి అడిగితే, వాడి పేరు బయటికి రాకుండా పెట్టె పాడైందంది. మూడు వారాలకు వాడు పోతే, శ్రుతి తెంపినవాణ్ణి దేవుడు తీసుకుపోయాడని ఏడాదిగా నమ్ముతోంది. ఎవరికీ చెప్పుకోలేదు.

ఆఖరి మాటలను మాత్రం నరసమ్మ అన్నవి అన్నట్టే అత్త అందించింది. "వాడు ప్లగ్గు పీకినప్పుడు నువ్వు వాడికేసి సూసేవు అన్నయ్యా. సూసీ ఆపకుండా పాడేవు. తెలిసే కాసేవనుకున్నాను. మా పిల్లడి తప్పు నీ గొంతుతో కప్పేవనుకున్నాను. ఆ ఒక్కటీ తల్సుకునే ఇన్నాళ్లూ బతికేను."

ఈయన చెప్పిన నిజం ఆమెకు మిగిలిన ఆ ఒక్కదాన్నీ లాగేసుకుంది. మావకూ అది అర్థమైంది. గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఈసారి గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"తాళం కోసం వాడి డోలక్కేసి సూసేను గానీ ప్లగ్గు సూడలేదు. ఇనపడుంటే ఆపేద్దును, నరసమ్మా. భయపడి ఆపేద్దును. ఇనపడలేదు కాబట్టే నామం ఆగలేదు."

నరసమ్మ వత్తులు పక్కకు జరిపి, పెట్టె తనవైపు లాక్కుని, తిత్తి ఎలా కొట్టాలో చూపమంది.

ఏకాహం నాడు మధ్యాహ్నం వంతుకు శ్రుతి తానే పడతానని నరసమ్మ మొక్కుకుందని చెప్పాం. నరసింహం ఒప్పుకున్నాడు. అంతకు మించి ఆయనకేమీ చెప్పలేదు. ఇప్పుడు కూడా నరసమ్మ రాయమంది గనుకే రాస్తున్నాను. ఆమె మావకు ఎదురుగా, మూరెడు దూరంలో కూర్చుంది. కుడి చేత్తో తిత్తి కొడుతోంది, ఎడం చూపుడు వేలు ఒళ్లో అటూ ఇటూ ఆడిస్తోంది. నడుస్తోంది, నడుస్తోంది. అత్త నేర్పిన సైగ. మావ ఆ వేలు మీంచి చూపు తీయకుండా పాడుతున్నాడు. నా తాళాలు చెమటకు జారిపోతున్నాయి. అన్నాలకు పోయినవాళ్లు పోయారు. నేను ఈసారి పోలేదు.

మధ్యాహ్నం రెండు దాటింది. నిరుడు ఇదే వేళ. నరసమ్మ గోడకున్న ప్లగ్గుల వైపు ఒకసారి చూసింది. ఆమె కుడి చెయ్యి ఆగింది. తిత్తి నెమ్మదిగా ముడుచుకుని నిలిచిపోయింది. శ్రుతి లేదు. లేవబోయాను, అంతలోనే నరసమ్మ ఎడం చెయ్యి ఎత్తి, పిడికిలి బిగించి, మావ చూసేలాగ గుండెకి ఆనించుకుంది.

ఆయన చూశాడు. ముఖంలో భయం స్పష్టంగా కనపడింది. కానీ నామం ఆపలేదు. ఆమె పిడికిలి కేసి చూస్తూ, కింద ఆసరా లేకుండా, పదిసార్లు రామా అన్నాడు, ఇరవైసార్లు అన్నాడు. ఒకచోట కొంచెం జారాడు, మళ్లీ పట్టుకున్నాడు. ఈసారి తెలిసి పాడాడు.

నరసమ్మ పిడికిలి విప్పి, కళ్లు తుడుచుకుని, మళ్లీ తిత్తి అందుకుంది.